అద్దాల మిద్దె

గద్వాల,
12 మార్చి 2006.

తమ్ముడు శివశంకర్‌కు,

ఇక్కడ మేమంతా బాగున్నాం, మిద్దె ఒక్కటే బాగాలేదు. నువ్వు బొంబాయి పోయినప్పటి నుంచి నీకు మంచి కబుర్లే రాయాలని పట్టుదలగా ఉన్నాను. ఈసారికి ఆ పట్టుదల పక్కన పెడుతున్నాను.

పోయిన వానల్లో మగ్గం గది కారిన సంగతి నీకు తెలుసు కదా. ఏటా వానలకు ముందు మిద్దె మీద చవుడు మట్టి పోసి తొక్కిస్తూనే ఉన్నాం. దూలాల మీది చెక్కలు పుచ్చిపోయాక పైన ఎంత మట్టి పోస్తే ఏం లాభం? ఇల్లంతా వదిలేసి నీళ్లు సరిగ్గా మగ్గం మీదే పడ్డాయి. పడుగు తడిసింది, అంచు పట్టుకు మట్టి మరక పట్టింది, ఆ చీర సగంలో కోసేశాం. పడుగూ పట్టూ ఇచ్చేది హన్మంతు సావుకారు. అప్పుడు ఏమీ అనలేదు. మొన్న వచ్చి గుమ్మంలో నిలబడి మీ బావతో అన్నాడు:

“రామస్వామీ, ఏరువాక పున్నం దాంక చూస్త. గప్పటికి మిద్దె బాగైతే సరే. లేకుంటే మగ్గం పీకి నా షెడ్డుల ఏసుకో.”

“మరి మా ఇంటామె?” అని మీ బావ అడిగాడు.

“షెడ్డుల మగ్గం మీద ఆడోళ్లను కూసోవెట్ట. కండెలు చుట్టుకుంటది, ఏమైతది?”

ఏమవుతుందట! పెళ్లై వచ్చినప్పటి నుంచి ఆ మగ్గం గుంటలో మీ బావ కుడి పక్క, నేను ఎడమ పక్క కూర్చుని నేస్తున్నాం. ఒళ్లు నూలు, అంచు పట్టు, రెండింటినీ పోగుపోగునా మెలివేసి కలపాలి. నా వైపు అంచు చూసి ఎవరు నేశారని అడగనివాళ్లు లేరు. అలాంటి నేను ఇంకెవరో నేసే చీరకు షెడ్డు మూలన కూర్చుని కండెలకు దారం చుట్టాలట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

స్లాబు వేసే తాహతు లేదు. రేకులు వేస్తే ఉడికిపోతాం, పోగులు పుటుక్కున తెగుతాయి. నువ్వు పడవలు చేస్తున్నావు కదా, వాటిలోకి నీళ్లు రాకుండా ఏం చేస్తారు? అది మన మిద్దెకు పనికొస్తుందా? నాకు తోచింది అడిగాను. నవ్వితే నవ్వావు గాని, ముందు జవాబు రాసి తర్వాత నవ్వు.

నీ అక్క,
జమ్ములమ్మ


ముంబై,
25 మార్చి 2006.

అక్కా,

నవ్వలేదు, గంతేశాను! ఇన్నాళ్లకు నా పని మీద మన ఇంట్లో ఒకరికి గౌరవం కలిగింది. మగ్గం వదిలేసి చేపలు పట్టుకుంటున్నానని మనవాళ్లు ఇంకా అనుకుంటున్నారట. నేను చేపలు పట్టను, చేపలు పట్టేవాళ్లు ఎక్కే పడవలు చేస్తాను. అవి ఫైబర్ గ్లాసు పడవలు.

గాజును సన్నని పోగుల్లా తీసి, ముక్కలు చేసి, దుప్పటిలా పరిచి చుట్టలుగా అమ్ముతారు. దాన్ని మ్యాట్ అంటారు. రెజిన్ అని తేనెలాంటి జిగురు ఒకటి ఉంటుంది. అందులో హార్డనర్ అనే మందు కొద్దిగా కలిపితే కాసేపట్లో గట్టిపడుతుంది. చెక్క మీద ఈ రెజిన్ పూసి, మ్యాట్ పరిచి, పైన మళ్లీ పూసి రోలరుతో నొక్కాలి. మ్యాట్ తెల్లగా కనబడుతుంటే ఇంకా లోపల గాలి ఉన్నట్టు. తెలుపు పోయి కింద చెక్క కనబడితే పట్టినట్టు. ఆరాక రాయిలా అవుతుంది. సముద్రాన్నే ఆపే సరుకు, గద్వాల వానను ఆపదా?

నేనే వచ్చి వేయాలి. కానీ చేపల వేట మొదలయ్యేలోగా కొత్త పడవలు ఇవ్వాలి. ఇప్పుడు సెలవు అడిగితే మా కార్ఖానా మాలిక్ శాశ్వతంగా ఇచ్చేస్తాడు. అందుకని సామాను పంపుతున్నాను. కార్ఖానాకు వచ్చే లారీ ఒకటి రాయచూరు మీదుగా పోతుంది. డ్రైవరు భీమన్న మన వీపనగండ్లవాడే. ఇంటి ముందు దించి పోతాడు, మజ్జిగ ఇవ్వు చాలు.

బావకు చెప్పు. మట్టి మొత్తం దించేయాలి. పుచ్చిన చెక్కలు తీసి మంచివి మేకులతో బిగించాలి. చెక్కలో తడి ఉండకూడదు. నీళ్ల గొట్టం వైపు కాస్త వాలు ఉండాలి. అతుకుల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. పడవైనా మిద్దైనా నీళ్లు దూరేది అక్కడే. హార్డనర్ కంట్లో పడకూడదు. నోట్లో బీడీతో ఈ పని చేయకూడదు, రెజిన్ అంటుకుంటే ఆర్పలేం. ఈ చివరి మాట బావకు మళ్లీ మళ్లీ చదివి వినిపించు.

ఇవన్నీ ఎస్టీడీ బూతులో నిలబడి చెప్పేవి కావు కనుక రాశాను. నువ్వు కడుపునిండా తిను. నువ్వు కండెలు చుట్టే రోజు రాదు. ఈ మాట అంటున్నది నీ తమ్ముడు.

శివశంకర్


గద్వాల,
22 ఏప్రిల్ 2006.

తమ్ముడూ,

సామాను వచ్చింది. సామాను వెంట వీధంతా వచ్చింది. గాజుతో మిద్దె వేస్తున్నామని మీ బావ టీ కొట్టు దగ్గర ఒక మాట అన్నాడు, అంతే. పక్కింటి సత్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “ఏందే జమ్ములమ్మా, అద్దాల మిద్దె ఏసుకుంటుండ్రంట! కోతులు మీదికెక్కి చూస్తే ఇల్లంత కనవడదా?” అంది. “కనవడితే కనవడనీ. మా వంట చూసి నేర్చుకుంటయి” అన్నాను. చుట్ట విప్పి చూపిస్తే అందరి మొహాలూ వాడిపోయాయి. “గిది దూది పరుపు లెక్కున్నది!” అని ఎవరి ఇళ్లకు వాళ్లు పోయారు. పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడు మా ఇల్లు ఎక్కడంటే ‘అద్దాల మిద్దెనా?’ అంటున్నారు.

మట్టి దించాం. ఆత్మకూరులో ఎవరిదో పాత ఇల్లు విప్పుతుంటే మీ బావ పోయి మంచి చెక్కలు తెచ్చాడు. వడ్రంగి వచ్చి బిగించి పోయాడు. మగ్గం గదిలో కూర్చుని పైకి చూస్తే కొత్త పెట్టె లోపల ఉన్నట్టు ఉంది.

ఇంతలో ఒక ఆపద వచ్చి పడింది. నిన్న మీ బావ ఎండకు తాళలేక అంగీ విప్పేసి, వాకిట్లో కూర్చుని మ్యాట్ కత్తిరించాడు. సాయంత్రానికి మెడ, చేతులు, వీపు ఎర్రగా పొక్కి ఒకటే దురద. సత్యమ్మ వచ్చి చూసి రెండు చేతులూ జోడించింది. “అమ్మవారు పోసిందే! ఎవ్వరు ముట్టుకోకుండ్రి” అంది. ఇంకేముంది, వేపమండలు తెచ్చి పరిచారు, గుమ్మానికి కట్టారు. పసుపు నీళ్లు చల్లారు. అమ్మవారు ఇంట్లో ఉన్నన్ని రోజులు ఎండలోకి పోవద్దు, పని ముట్టొద్దు, చప్పిడి కూడు తినాలి అన్నారు. మీ బావ వేపాకుల మీద పడుకుని పెరుగన్నం తింటూ దర్జాగా ఉన్నాడు.

ఒళ్లు పట్టుకుని చూస్తే జ్వరం లేదు. నాకైతే అనుమానంగానే ఉంది. కానీ నాకు పెట్టిందే మన ఊరి అమ్మవారి పేరు. నేనే కాదంటే వీధి ఊరుకుంటుందా? పని మాత్రం ఆగదు, నువ్వు దిగులు పడకు.

జమ్ములమ్మ


ముంబై,
3 మే 2006.

అక్కా,

నీ ఉత్తరం కార్ఖానాలో పెద్దగా చదివాను. పాలమూరు వాళ్లం ఇక్కడ కొందరం ఉన్నాం. అందరూ కడుపు పట్టుకున్నారు.

అది అమ్మవారు కాదు, గాజు! కత్తిరిస్తుంటే రేగే నూగు చర్మంలో గుచ్చుకుని దురద పెడుతుంది. మా తోళ్లు ఎప్పుడో మొద్దుబారాయి, అందుకే ఆ సంగతి రాయాలని గుర్తే రాలేదు. చల్లని నీళ్లు గుమ్మరించుకోమను, గోకొద్దని చెప్పు. నిండు చేతుల అంగీ తొడుక్కుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని పని చేయాలి. అమ్మవారికి నా తరఫున ఒక దండం పెట్టి, బావను వేపాకుల్లోంచి లేపి మిద్దె ఎక్కించు. పెరుగన్నం ఆపేస్తే తనంతట తనే లేస్తాడు.

ఇంకొకటి. మన దగ్గర ఎండలు ఎక్కువ. డబ్బా నిండా హార్డనర్ కలిపితే పూయకముందే గడ్డకట్టి పొగలొస్తుంది. పొద్దున్నే, కొంచెం కొంచెంగా కలుపుకోవాలి. ఈ ఉత్తరం చేరేసరికి సగం పని అయిపోయే ఉంటుందిలే. బావ చేతి పని ఎలా ఉందో రాయి.

శివశంకర్


గద్వాల,
16 మే 2006.

శివశంకర్‌కు,

పొగలొస్తుందని నువ్వు రాయకముందే వచ్చింది. ఆ డబ్బా ఇప్పుడు కోళ్లకు పీట అయింది. తర్వాత గంజి కలిపినట్టు కాస్త కాస్త కలుపుకుంటే బాగానే కుదిరింది.

మిద్దె పూర్తయింది. మెరుస్తూ చూడముచ్చటగా ఉంది. ముక్కకూ ముక్కకూ మధ్య అతుకు ఎంత సొంపుగా కుదిరిందంటే, కళ్లు మూసుకుని వేలితో రాస్తే ఎక్కడుందో తెలియదు. అతుకు జాగ్రత్త అన్నావు కదా, ప్రాణం పెట్టి కుదిర్చిన పని అది.

నిన్న నీళ్ల గొట్టానికి గుడ్డ కుక్కి, పైన బిందెలతో నీళ్లు పోసి చూశాం. కారింది. ఒక చోట కాదు, బారుగా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. మగ్గం విప్పి ఉంచాం కనుక సరిపోయింది. ఎవరు చెప్పారో ఏమో, పొద్దుటికల్లా సావుకారు దిగాడు. “అద్దాలేస్తే గిట్లనే ఉంటది. పున్నం దగ్గరికొచ్చింది రామస్వామీ, షెడ్డుల జాగా చూసిపెడ్త” అన్నాడు. నా వైపు చూడను కూడా చూడలేదు.

మా పనిలో లోపం లేదు. నీ సరుకులోనే ఏదో లోపం ఉంది. నీ మాలిక్ పాత జిగురు అంటగట్టాడేమో అడుగు. సముద్రాన్ని ఆపుతుందన్నావు, బిందె నీళ్లను ఆపలేదు.

జమ్ములమ్మ


ముంబై,
25 మే 2006.

అక్కా,

నన్ను ఏమన్నా పడతాను, సరుకును అంటే పడను. అదే రెజిన్‌తో చేసిన పడవలు తుపానులో పోయి తిరిగి వచ్చాయి.

లోపమంతా బావది. వేలితో రాస్తే అతుకు తెలియలేదా? తెలియాలి! ఒక ముక్క అంచు మీదికి ఇంకో ముక్క నాలుగు వేళ్ల మేర ఎక్కాలి. అంచుకు అంచు ఆనించి వదిలేస్తే నీళ్లకు నువ్వే దారి వేసి ఇచ్చినట్టు. ఈ మాత్రం కూడా చెప్పాలా? నిన్నగాక మొన్న చేరినవాడు కూడా ఇలా వేయడు. బావకు మగ్గం తప్ప ఇంకేమీ చేతకాదని నాకు ముందే తెలుసు. నున్నగా ఉంటే చాలు, మురిసిపోతాడు. ఆయన వేపాకుల మీద ఇంకొన్నాళ్లు పడుకున్నా బాగుండేది.

పడవలకు కోయగా మిగిలిన మ్యాట్ ముక్కలు మాలిక్‌ను అడిగి మూట కట్టించాను. రెజిన్ కూడా పంపుతున్నాను. భీమన్న లారీ ఎల్లుండి బయలుదేరుతుంది. ప్రతి అతుకునూ గరుకు కాగితంతో రుద్ది, దాని మీద అటూ ఇటూ ఎక్కేలా పట్టీలు వేయించు. చూడ్డానికి అసహ్యంగా ఉండాలి. అసహ్యంగా ఉంటేనే సరిగ్గా వేసినట్టు.

శివశంకర్


గద్వాల,
4 జూన్ 2006.

ఒరేయ్ శివశంకర్,

నీ ఉత్తరం మీ బావ అన్నం తింటుండగా పైకి చదివాను. చదవడం మొదలుపెట్టాక మధ్యలో ఆపితే బాగుండదని చివరిదాకా చదివాను. ఆయన చేయి కడుక్కుని వచ్చి, “పోనీ, నన్నే అనుకోనీ. గంత దూరంల ఉన్నోడు, నీ మీద కోపం ఎందుకు తెచ్చుకోవాలె” అన్నాడు. అప్పుడు నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఎందుకంటే ఆ మిద్దె వేసింది నేను. ఆ ఒక్కరోజు మ్యాట్ కత్తిరించడం తప్ప మీ బావ చిటికెన వేలు కూడా పెట్టలేదు. వీధివాళ్లు ఆయన్ను వేపాకుల మీది నుంచి లేవనివ్వలేదు, నీ ఉత్తరం వచ్చేసరికి నేను సగం పరిచేశాను. సగం పని ఇంకొకరి చేతికి ఇచ్చే అలవాటు నాకు లేదు. ఆయన నిండు చేతుల అంగీ నేను తొడుక్కుని, తలకు రుమాలు చుట్టుకుని పొద్దున్నే ఎక్కేదాన్ని. కాబట్టి నిన్నగాక మొన్న చేరినవాడి కంటే అధ్వానమైనది మీ అక్క. తెలిసిందా?

అతుకు కనబడకూడదని నాకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. చిన్నప్పటి నుంచి అదే నేర్చుకున్నాను. ఒళ్లూ అంచూ కలిసే చోట వేలికి ఏమైనా తగిలితే నాయన నేత ఆపి విప్పించేవాడు. గుడ్డ మీద గుడ్డ ఎక్కించడం మన ఇంట్లో ఎవరైనా చూశారా? నువ్వు అతుకు జాగ్రత్త అన్నావు. నాకు తెలిసిన జాగ్రత్త నేను పడ్డాను.

కోపం తగ్గాక మిద్దె ఎక్కి కూర్చుని ఆలోచించాను. చీరలో అతుకు కనబడదు, నిజమే. కానీ అక్కడ నూలు పోగు పట్టు పోగును పట్టుకుని ఉంటుంది. పక్కపక్కన పెట్టి వదిలేస్తే గద్వాల చీర కూడా కట్టుకున్న రోజే రెండు ముక్కలవుతుంది. మిద్దె మీద నేను రెండు ముక్కలను పక్కపక్కన పెట్టాను గాని ఒకదానికి ఒకటి పట్టు ఇవ్వలేదు. నేత తెలిసినదాన్ని, నాకే తట్టాల్సింది. నువ్వు ఇది ముందే రాసి ఉండాల్సింది. ఇద్దరికీ సరిపోయింది.

మూట వచ్చింది. ఒక ముక్క చేపలా, ఒకటి చంద్రవంకలా, అన్నీ వంకర టింకర. అతుకులన్నీ రుద్ది సిద్ధంగా పెట్టాం. ఇద్దరం కలిసి రేపు మొదలుపెడతాం. పడమట మబ్బు కనబడుతోంది, పని అయ్యేదాకా ఆగితే చాలు.

జమ్ములమ్మ


ముంబై,
10 జూన్ 2006.

అక్కా,

తప్పు నాది. ఫైబర్ పనిలో మొదట నేర్పేది అంచు మీద అంచు ఎక్కించడమే. అందరికీ తెలిసినదే కదా అని రాయలేదు. బావ కాళ్లకు దండం పెట్టానని చెప్పు. పెద్దగా చదువు, ఈసారి ఆయన భోజనం అయ్యాక చదువు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. కార్ఖానా రేకుల మీద చప్పుడు వినబడినప్పుడల్లా మీ మిద్దె గుర్తొస్తోంది. అక్కడ పడగానే రాయి. కారినా రాయి. కారితే మాలిక్ ఉద్యోగం తీసేసినా సరే, నేనే వస్తాను.

శివశంకర్


గద్వాల,
27 జూన్ 2006.

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు రానక్కర్లేదు. కారలేదు.

నీ ఉత్తరం భోజనం అయ్యాకే చదివాను. మీ బావ ఇంకోసారి చదవమన్నాడు. కాళ్లకు దండం అన్న చోట మరీ నెమ్మదిగా చదవమన్నాడు.

నువ్వు కోరినంత అసహ్యంగానూ వేశాం. పైకెక్కి చూస్తే బాలింత కప్పుకునే పాత దుప్పటికి మాసికలు వేసినట్టు ఉంది. మొదటి రోజు కళ్లు మూసుకున్నాను, తర్వాత అలవాటైంది. ఆరాక బిందెలతో పోసి చూశాం, చుక్క దిగలేదు. ఏరువాక పున్నానికి సావుకారు వచ్చాడు, ఆ రోజు ఆకాశంలో మబ్బు తునక లేదు. “బిందెల నీళ్లు నాకెందుకు, వాన పడ్తే జూస్త” అని, నమ్మకం లేకనే ఒక చిన్న పడుగు ఇచ్చి పోయాడు.

మొన్న మధ్యాహ్నం పడింది. జూరాల వైపు నుంచి నల్లగా వచ్చి కుమ్మేసింది. ఆ వానలోనే గొడుగు వేసుకుని సావుకారు వచ్చాడు. గదిలో పీట వేసుకుని తల పైకెత్తి కూర్చున్నాడు. నేను మగ్గం దిగలేదు. మీ బావ దారపు కండె పెట్టిన నాడె విసురుతున్నాడు, నేను అందుకుని అంచు కలుపుతున్నాను. వాన తగ్గేదాకా ఆయన పైకప్పు చూశాడు, మేం పని చూసుకున్నాం. చివరికి మెడ రుద్దుకుంటూ లేచి పోయాడు.

నిన్న పొద్దున మళ్లీ వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. ఆయన షెడ్డు మీది రేకులు ఎప్పుడో పగిలాయట, ఎవరూ చూసుకోలేదు. మా ఇంట్లో కూర్చుని చుక్క కోసం ఎదురుచూస్తున్నప్పుడు అక్కడ మగ్గాల మీది పడుగులు తడిసిపోయాయి.

“రామస్వామీ, జర మా షెడ్డు మీద గూడ గట్లనే ఏసియ్యి” అన్నాడు.

“నాకేం తెల్వదు సావుకారీ. ఏసింది ఈమె. నేను ముక్కలు అందిచ్చిన” అన్నాడు మీ బావ.

సావుకారు నన్ను మొదటిసారి చూసినట్టు చూశాడు. “జమ్ములమ్మా, మరి నువ్వే రారాదు? వానలు ముదరకముందే అయిపోవాలె. మగ్గం పని తర్వాత చేసుకోవచ్చు” అన్నాడు.

తమ్ముడూ, ఇన్నేళ్లలో ఆ మనిషికి మేం ఎదురు చెప్పింది లేదు. ఆయన ఏమన్నా మీ బావ తల ఊపేవాడు, నేను తలుపు వెనక వినేదాన్ని. నిన్న మాత్రం నాడె కూడా కింద పెట్టకుండా, “నేను రాను సావుకారీ. నేను నేసేటిదాన్ని. నాకు మగ్గం మీద పనున్నది. గంతగా కావాలంటే మా తమ్మునికి రాస్త, తీరికుంటే ఆయనొస్తడు” అన్నాను.

ఆయన, “గట్లనే రాయి. కొత్త పడుగు రేపు పంపిస్త” అని వెళ్లిపోయాడు. నాకు భయం వేయలేదు. ఆ మాట అన్నాక ఎంత హాయిగా ఉందో నీకు చెప్పలేను. మీ బావ నాడె ఆపి నన్నే చూస్తుంటే, “ఏంది జూస్తున్నవ్, ఇయ్యి” అన్నాను.

ఆయన షెడ్డు పని నువ్వు ఒప్పుకుంటావో లేదో నీ ఇష్టం. వస్తే మన ఇంట్లోనే దిగు. నేను పైకెక్కి సాయం చేస్తానని మాత్రం ఆశ పెట్టుకోకు. కొత్త పడుగు వచ్చింది, నెమలికంఠం అంచు. శ్రావణంలోగా నేసి దించాలి, నాకు తీరిక లేదు.

నీ అక్క,
జమ్ములమ్మ